పదిరోజుల బాలింత

పురుడొచ్చిన ఏడో రోజు పొద్దున రాఘవమ్మ నీళ్ళు కాచి, స్నానానికి చెల్లెల్ని లేపుదామని గదిలోకి వెళ్ళింది. సీతారావమ్మ అప్పటికే లేచి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కలో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆమె వాడి వంక చూడటం లేదు.

“అక్కా, తలుపు వెయ్యి. ఒక మాట చెప్పాలి,” అంది గుసగుసగా.

“ముందు పిల్లాణ్ణి తియ్యవే. గొంతు ఆరిపోతంది వాడికి.”

“వాడు మనవాడు కాదు. మనవాణ్ణి మగ్గం గుంటలో పెట్టి మన్ను కప్పారు. ఏడుపు నాకు వినపడతంది. నువ్వు తవ్వి చూడక్కా. నాయనకి చెప్పమాక.”

రాఘవమ్మ నవ్వబోయి చెల్లెలి కళ్ళు చూసి ఆగిపోయింది. నాలుగు రోజులుగా ఆ పిల్ల కంటిమీద కునుకు లేదు. బాలింతలకు నిద్ర తక్కువేలే అనుకుని పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ కళ్ళు ఎర్రగా, రెప్ప వాల్చకుండా, గది మూలకు చూస్తున్నాయి. ఆ మూలలో ఏమీ లేదు.

తల్లి పోయేనాటికి సీతారావమ్మకు పదమూడేళ్ళు. ఆ ముందేడే రాఘవమ్మ భర్త పోయి పుట్టింటికి వచ్చింది. అక్క అయినా అమ్మ అయినా తనే. తండ్రి ఆదిశేషయ్యకు చూపు మందగించాక రాఘవమ్మే మగ్గంలో కూర్చుంది. ఆడది, అందులో విధవ, మగ్గంలో దిగడమేమిటని నేతవారి వీధి కొన్నాళ్ళు మూతి విరిచి, చీరలు బాగా రావడంతో ఊరుకుంది. సీతారావమ్మ అక్క పక్కన కూర్చుని కండెలు చుట్టేది. నోరు ఒక్క క్షణం ఊరుకునేది కాదు. వచ్చేపోయేవాళ్ళ నడకలన్నీ అనుకరించి నవ్వించేది. ఆ పిల్లను నిరుడు బెజవాడ వన్‌టౌనులో బట్టల కొట్టున్న మల్లేశ్వరరావుకు ఇచ్చి పెళ్ళి చేశారు. కంకిపాడు చుట్టుపక్కల నేతవాళ్ళలో అంత మంచి సంబంధం ఇంకెవరికీ రాలేదని ఆదిశేషయ్య అరుగుమీద పదిమందికీ చెప్పుకున్నాడు.

ఆ రోజే రాఘవమ్మ మంత్రసాని శౌరమ్మను పిలిపించింది. శౌరమ్మ ముసలిది. ఆ వీధిలో సగం మంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళే. బాలింత చెయ్యి పట్టుకుని చూసింది, నుదురు చూసింది, చాలాసేపు ఆమె చెప్పే మాటలన్నీ విన్నది. బయటికి వచ్చాక ఆదిశేషయ్యతో ఉన్నమాట చెప్పింది.

“ఒంట్లో జొరం లేదయ్యా. ఇది గాలీ కాదు, దెయ్యమూ కాదు. పురిటి తరవాత కొందరికి వచ్చే జబ్బు. ఇట్టాంటివాళ్ళని అయిదారుగుర్ని చూశాను నేను. నిద్ర పట్టేటట్టు మందిస్తే నెమ్మదిస్తారు. బెజవాడలో ఆడవాళ్ళ ఆసుపత్రి ఉంది, అక్కడ నర్సు తెరేసమ్మ మా అక్క కూతురే. ఆలస్యం చెయ్యొద్దు.”

ఆదిశేషయ్య తల పంకించి పంపించేశాడు. ఆమె వీధి మలుపు తిరిగాక కూతురి వైపు తిరిగాడు.

“బెజవాడంటే వియ్యాలవారి ఊరు. ఎవరి కంటన్నా పడితే దాని కాపురం ఏమవుద్ది? ఇంట్లోనే చూద్దాం.”

“జబ్బు మనిషిని ఇంట్లో పెట్టుకుని ఏం చూస్తావు నాయనా?”

“నువ్వు నోరు మూసుకో. అసలు నీ చేతుల మీదుగా పురుడు జరగనివ్వటమే నా తప్పంటన్నారు అందరూ.”

అందరూ అంటే వీధిలో ఆడవాళ్ళు. బాలింత చన్నీళ్ళు తాగిందన్నారు, సందెవేళ తలుపు తీసి పెట్టిందన్నారు, చివరికి వాళ్ళ మాట రాఘవమ్మ దగ్గరికి వచ్చి ఆగింది. మొగుడు పోయినదాని చేతి పురుడు అచ్చిరాదన్నారు. ఆ మాట తండ్రి నోట వినగానే రాఘవమ్మకు కోపం వచ్చింది. తల్లి లేని ఇంట్లో పురుడు పోయడానికి ఆ అందరిలో ఒక్కరు కూడా రాలేదు. మూడు రోజుల నొప్పులప్పుడు చెల్లెలి గోళ్ళు దిగబడిన మచ్చలు ఇంకా తన ముంజేతుల మీద ఉన్నాయి. ఇంత కోపంలోనూ లోపల ఏదో మూల, నిజంగా నావల్లేనేమో అనే అనుమానం ఆమెను పట్టుకుంది. అందుకే ఆ రోజు గట్టిగా ఎదురు చెప్పలేకపోయింది. తరవాత ఎన్నేళ్ళయినా ఆ ఒక్క సంగతికి మాత్రం ఆమె తనను తాను తిట్టుకునేది.

పదో రోజున ఆదిశేషయ్య ఆమెను కంకిపాడు పంపాడు. యుద్ధం రోజులు. నూలు కంట్రోలులో ఉంది. కార్డు పట్టుకెళ్ళి వరసలో నిలబడితేగానీ ఒక్క చిలప నూలు దొరకదు. “ఇవ్వాళ నువ్వే వెళ్ళు, నాకు కాళ్ళు లాగుతున్నయ్యి,” అన్నాడు. ఎదురింటి రావమ్మను కాసేపు చెల్లెలి దగ్గర కూర్చోబెట్టి రాఘవమ్మ వెళ్ళింది. మధ్యాహ్నం తిరిగివచ్చేసరికి వీధి మొగలోనే మిరపకాయల ఘాటు ముక్కుకు తగిలింది. ఇంటిముందు జనం. తండ్రికి కాళ్ళు ఎందుకు లాగాయో ఆమెకు అప్పుడు అర్థమైంది.

చావడిలో నిట్రాట స్తంభానికి సీతారావమ్మను చీర కొంగుతోనే కట్టేశారు. ఎదురుగా మూకుడులో నిప్పులమీద మిరపకాయలు కాలుతున్నాయి. పక్క ఊరినుంచి వచ్చిన పుల్లయ్య అనే భూతవైద్యుడు చేతిలో వేపబరికె పట్టుకుని, “పేరు చెప్పు! ఎక్కడినుంచి వచ్చావో చెప్పు!” అని అరుస్తున్నాడు. బాలింత పెదవి చిట్లింది. భుజాలమీద వాతలు తేలాయి. పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయింది. బిడ్డ ఎదురింట్లో ఎక్కడో ఏడుస్తున్నాడు. ఆదిశేషయ్య గుమ్మం పక్కన తల వంచుకుని కూర్చున్నాడు.

రాఘవమ్మ నూలు మూట అక్కడే పడేసింది. నీళ్ళబిందె ఎత్తి మూకుడులో గుమ్మరించింది. బుస్సుమని పొగ లేచింది. పుల్లయ్య చేతిలో బరికె లాక్కుని విరిచి వాడి కాళ్ళముందు పడేసింది.

“పదిరోజుల బాలింతని కొడతావుట్రా? ఈ ఇంట్లో దెయ్యమంటూ ఉంటే అది నువ్వే. లే, నడువు బయటికి!”

“సగంలో ఆపితే ప్రాణానికి ముప్పు. నాదే పూచీ అనుకోమాకండి,” అన్నాడు పుల్లయ్య ఆదిశేషయ్య వైపు చూస్తూ.

“నీ పూచీ ఎవడిక్కావాలి? నీ పెళ్ళాం కన్నప్పుడు ఇట్టాగే కట్టేసి కొట్టావా?”

గుమ్మంలో ఎవరో కిసుక్కున నవ్వారు. రాఘవమ్మ అటు తిరిగింది. “మీకేంది ఇక్కడ? పిల్ల నొప్పులు పడతంటే ఒక్కరు రాలేదు. కొడతంటే చూట్టానికి వచ్చారా ఇంతమందీ?” ఒక్కొక్కరే జారుకున్నారు.

రాఘవమ్మ ముడులు విప్పింది. సీతారావమ్మ అక్క చెవి దగ్గరికి నోరు పెట్టి మెల్లిగా అడిగింది.

“నేనేం తప్పు చేశానక్కా? చెప్తే మానుకుంటాగా.”

రాఘవమ్మ చెల్లెల్ని పొదివి పట్టుకుని తండ్రి వంక చూసింది.

ఎవరికీ తెలియకూడదని ఇదంతా చేసిన ఆదిశేషయ్యకు, పుల్లయ్యే ఊళ్ళు తిరిగి చెబుతాడని తోచలేదు. రెండు రోజుల్లో కబురు బెజవాడ చేరింది. మూడో రోజున జట్కా వచ్చి వాకిట్లో ఆగింది. సీతారావమ్మ అత్తగారు వెంకటరావమ్మ దిగింది, వెనకే మల్లేశ్వరరావు. ఆవిడ గది గుమ్మం దాకా వచ్చింది గానీ గడప దాటలేదు. కోడలు జుట్టు విరబోసుకుని నేలమీద వేలితో ఏదో గీస్తూ కూర్చుని ఉంది. వెంకటరావమ్మ ముక్కుమీద కొంగు అడ్డం పెట్టుకుంది.

“మా కళ్ళు కప్పి పిచ్చిదాన్ని అంటగట్టారు అన్నయ్యగారూ. ఇంత మోసమా?”

ఆదిశేషయ్య చేతులు జోడించాడు. రాఘవమ్మ ముందుకు వచ్చింది.

“అత్తయ్యగారూ, పెళ్ళిచూపుల నాడు మీరే గదా దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని నవ్వించి నవ్వించి మాట్లాడించుకుంది? ఏడాది మీ ఇంట్లో కాపురం చేసింది. ఒక్కనాడన్నా తేడా కనపడిందా? మీ మనవణ్ణి కని జబ్బున పడింది. జబ్బున పడ్డదాన్ని చూట్టానికి వచ్చినవాళ్ళు గడపలో నిలబడి మాట్లాడతారా?”

“జబ్బంటే జొరం. జబ్బంటే దగ్గు. ఇది జబ్బా? ఇంకా నయం, పిల్లాడి పీక నొక్కలేదు. వాణ్ణి తీసుకుపోతన్నాం. దీని సంగతి పెద్దల్లో తేలుస్తాం.”

“తల్లి పాలు తాగే గుడ్డుని తీసుకుపోతారా?”

“ఆవు పాలు లేవా బెజవాడలో?”

రాఘవమ్మ మల్లేశ్వరరావును చూసింది. అతను అరుగుమీద నిలబడి వీధిలోకి చూస్తున్నాడు. రెండు నెలల కిందట పెళ్ళాం అడిగిందని మొగలిపూలు కొనుక్కుని బస్సుమీద వచ్చినవాడు అతనే.

“మరిదిగారూ, మీరన్నా ఒక్కసారి లోపలికి వచ్చి చూడండి. మిమ్మల్ని చూస్తే దానికి కాస్త ధైర్యంగా ఉంటది.”

అతను నోరు తెరిచాడు. తల్లి ముఖం చూసి మూసుకున్నాడు. చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు.

పట్టుమని రెండు వారాలైనా నిండని బిడ్డను పొత్తిళ్ళతో సహా జట్కాలో పెట్టుకుని వెళ్ళిపోయారు. అడ్డం పడబోయిన రాఘవమ్మను తండ్రే చెయ్యి పట్టుకుని ఆపాడు. మగపిల్లాడు, వాళ్ళ వంశం, మనకు హక్కేముందన్నాడు. జట్కా శబ్దం దూరమయ్యాక లోపలినుంచి సీతారావమ్మ, “ఏడుపు ఆగిందక్కా,” అంది.

మర్నాడు తెల్లవారాక రాఘవమ్మ రెండు చీరలూ కాసిని అటుకులూ మూట కట్టింది. తండ్రి అడ్డుపడలేదు. అడ్డుపడితే తోసుకుని వెళ్ళేదే. రాత్రే కబురందిన శౌరమ్మ కాలవగట్టు దగ్గర కాచుకుని ఉంది. ముగ్గురూ బెజవాడ వెళ్ళే పడవ ఎక్కారు. సీతారావమ్మ మాటిమాటికీ నీళ్ళ మీదికి వంగుతుంటే రాఘవమ్మ చెల్లెలి కొంగునూ తన కొంగునూ కలిపి ముడివేసింది. పడవలో ఇద్దరు రైతులు అది చూసి ఏదో అనుకుని నవ్వుకున్నారు. శౌరమ్మ వాళ్ళ వంక ఒక చూపు చూసింది. ఆ చూపుకు వాళ్ళు వరిచేల వైపు తిరిగి కూర్చున్నారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందు చూసింది భుజాల మీద వాతలనే.

“ఎవరు కొట్టారు?”

“మా నాయన మంత్రగాణ్ణి పిలిపించాడండీ.” చెబుతుంటే రాఘవమ్మకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

డాక్టరమ్మ ఆ మాట కాగితంమీద రాసుకుంది. వరండా చివరి గదిలో మంచం ఇప్పించింది. నిద్రమందు పట్టించారు. ఎన్నో రోజుల తరవాత సీతారావమ్మ కళ్ళు మూతపడ్డాయి. రెండు రోజులు ఇంచుమించు నిద్రలోనే ఉంది. మెలకువ వచ్చినప్పుడల్లా నర్సు తెరేసమ్మ గంజీ పాలూ పట్టేది. ముప్పై దాటని మనిషి, గట్టి గొంతు, రోగులతో ఎంత నెమ్మదో పక్కవాళ్ళతో అంత కరుకు.

మూడో రోజున రాఘవమ్మ ఆమెను అడిగింది. “తెరేసమ్మగారూ, దాచకుండా చెప్పండి. నేను పురుడు పోయటం వల్ల వచ్చిందా ఇది?”

“ఎవరన్నారు ఆ మాట?”

“అందరూ.”

“అందరికీ బుద్ధి లేదు. ఇది కొందరికి కానుపయిన తరవాత వస్తుందమ్మా. రాణీగారికైనా రావచ్చు, కూలిమనిషికైనా రావచ్చు. మీ చెల్లెలు చేసిన తప్పూ లేదు, మీరు చేసిన తప్పూ లేదు. రెండు నెలలు పట్టొచ్చు, మూడు పట్టొచ్చు. చాలామందికి తగ్గుతుంది. తిట్టకూడదు, కట్టకూడదు, ఒంటరిగా వదలకూడదు. అంతే.”

రాఘవమ్మ మంచంకోడు పట్టుకుని ఏడ్చింది. భర్త పోయిననాడు కూడా అంతగా ఏడవలేదు. ఏడుపు ఆగాక ఒళ్ళంతా కోపం కమ్మింది. అంతే! ఈ నాలుగు మాటలకు దూరమెంత? కాలవలో ఒక పూట ప్రయాణం. శౌరమ్మ గడపలో నిలబడి మొదటిరోజే చెప్పింది. వినడానికి ఒక్క మగాడికి చెవులు లేవు. మిరపకాయలు తేవడానికి మాత్రం కాళ్ళున్నాయి.

జబ్బు ఒక్కసారిగా పోలేదు. రెండో వారంలో కూడా సీతారావమ్మ మగ్గం గుంట మాట అంటూనే ఉంది. మూడో వారంలో ఆ మాట మాని ఏడవడం మొదలుపెట్టింది. రాఘవమ్మ భయపడితే తెరేసమ్మ సంతోషించింది. ఏడుపు మంచిదే, తెలివిలోకి వస్తోందని చెప్పింది. పాలు ఎండిపోకుండా పూటపూటా పిండించేది. నాలుగో వారంలో, కానుపులో తల్లి పోయిన ఒక పసిపిల్లను తెచ్చి, తను పక్కనే కూర్చుని, సీతారావమ్మ ఒళ్ళో పెట్టింది. ఆమె ఆ పిల్లను చాలాసేపు చూసి పాలిచ్చింది. ఆ సాయంత్రమే అక్కను అడిగింది.

“మనవాడేడక్కా?”

“ఈ ఊళ్ళోనే ఉన్నాడమ్మా. మీ అత్తగారి దగ్గర.”

“నేనిక్కడుంటే వాడు అక్కడెందుకున్నాడు?”

ఆ మాటకు జవాబు చెప్పవలసినవాళ్ళ దగ్గరికే రాఘవమ్మ మర్నాడు బయలుదేరింది.

వన్‌టౌనులో బేళ్ళు మోసే తోపుడుబళ్ళ మధ్యనుంచి దారి చేసుకుంటూ మల్లేశ్వరరావు కొట్టు వెతికి పట్టుకుంది. మధ్యాహ్నం బేరాల వేళ. అతను తెల్లటి పరుపుమీద కూర్చుని ఉన్నాడు. పక్కన వాళ్ళ పెదనాన్న భావనారాయణ. కులంలో పెద్దమనిషి. మళ్ళీ పెళ్ళికని చూసిన ఒక చీరాల సంబంధం గురించి మాట్లాడుతున్నాడు. పిల్ల ఒడ్డూ పొడుగూ బాగుంటుందనీ, పెద్దలు ఒప్పుకుంటారనీ అంటున్నాడు. రాఘవమ్మ మెట్ల కింద నిలబడి ఆ మాటలన్నీ విన్నది.

“మరిదిగారూ, మీ భార్యకి నెమ్మదించింది. బిడ్డని అడుగుతోంది. తీసుకెళ్దామని వచ్చాను.”

కొట్టులో బేరాలు ఆగిపోయాయి. భావనారాయణ కళ్ళజోడు సవరించుకున్నాడు.

“ఆడకూతురివి, బజార్లో నిలబడి కేకలేంటమ్మా?”

“లోపలికి రమ్మన్నవాళ్ళు లేరు. అందుకని బజార్లో నిలబడ్డాను.”

“మతి పోయిన మనిషికి పిల్లాణ్ణి ఎట్టా ఇస్తారు? మతిపోయినదాన్ని వదిలెయ్యటానికి మన కట్టుబాట్లలో వీలుంది.”

“బాబుగారూ, నిరుడు మీకు సన్నిపాతజ్వరం వచ్చి, మీ కోడల్ని పట్టుకుని అమ్మా అమ్మా అని పిలిచారు. కొట్టు తగలబడుతోందని వీధిలోకి పరిగెత్తారు. మన వాళ్ళందరికీ తెలుసు. మిమ్మల్ని ఎవరన్నా స్తంభానికి కట్టేశారా? కళ్ళల్లో మిరపపొగ పెట్టారా? మీ ఇంటావిడ మిమ్మల్ని వదిలేస్తానని పెద్దల్లో పెట్టిందా? దగ్గర కూర్చుని జావ పట్టింది. మీకొస్తే జబ్బూ, మా పిల్లకొస్తే పిచ్చీనా?”

బేరానికి వచ్చిన ఆడమనిషి ఒకామె, “నిజమే గదా,” అంది పైకే. భావనారాయణ ముఖం కందగడ్డలా అయింది. మల్లేశ్వరరావు పరుపుమీది ముడతలు సరిచేస్తున్నాడు.

రాఘవమ్మ ఇంక ఎవరి సెలవూ అడగకుండా పక్క సందులోంచి వెనక ఇంట్లోకి వెళ్ళింది. వెంకటరావమ్మ ఉయ్యాల దగ్గర కూర్చుని ఉంది. లోపల బిడ్డ చర్మం వేలాడుతూ పిడికెడున్నాడు. ఆవుపాలు పడక పదిరోజులుగా విరేచనాలు. ఏడవడానికి కూడా ఓపిక లేక మూలుగుతున్నాడు. ఆవిడ ఈసారి గొంతు పెంచలేదు. కొట్లో మాటలు ఆమెకూ వినపడ్డాయేమో, లేక భయమే పట్టుకుందో.

“తీసుకుపో. ఏదన్నా అయితే మీ ఇంట్లోనే అవనీ. మా ఇంట్లో పోయాడన్న మాట మాకొద్దు.”

ఆ మాటకు చెంప పగలగొట్టాలనిపించింది. కానీ రెండు చేతులూ బిడ్డకు కావాలి. వాణ్ణి కొంగులో చుట్టుకుని, “మీ మాట మీరు బాగానే కాపాడుకోండి,” అని వచ్చేసింది.

ఆసుపత్రి దాకా పరుగులాంటి నడక. సీతారావమ్మ బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ముఖంలోకి చూసింది. చెవి తడిమింది. వేళ్ళు విప్పి చూసింది.

“వీడేనా?” అంది.

మళ్ళీ మొదలైందా అనుకుంది రాఘవమ్మ. తెరేసమ్మ కూడా మంచానికి దగ్గరగా జరిగింది.

“ఎంత చిక్కిపోయాడక్కా,” అని సీతారావమ్మ రవిక ముడి విప్పింది.

వాడు బతికాడు. రెండు నెలలు పట్టింది కండ పట్టడానికి. తల్లీబిడ్డలను తీసుకుని రాఘవమ్మ ఊరు చేరిన రోజున ఆదిశేషయ్య గుమ్మంలోనే నిలబడిపోయాడు. క్షమించమని అనలేదు, అనడం ఆయనకు చేతకాదు. కూతురి భుజంమీద తెల్లగా మిగిలిన మచ్చను చూసి లోపలికి వెళ్ళి పడుకున్నాడు. రాఘవమ్మ ఆయన్ను అన్నానికి లేపింది గానీ చాలా నెలలు ముఖం చూసి మాట్లాడలేదు. సీతారావమ్మే ముందుగా నాయనా అని పిలిచింది.

పిల్లాడు పాకే రోజుల్లో ఒక ఉదయం మల్లేశ్వరరావు వచ్చాడు. ఒక్కడే. చీరాలవాళ్ళు, మొదటి పెళ్ళాం బాగానే ఉందట గదా అని వెనక్కి తగ్గారు. అరుగుమీద కూర్చుని బిడ్డను ఎత్తుకోబోతే వాడు ఏడ్చాడు.

“అమ్మ తీసుకురమ్మంది,” అన్నాడు.

రాఘవమ్మ దగ్గర చెప్పవలసిన మాటలు ఏడాదికి సరిపడా ఉన్నాయి. సీతారావమ్మ చేత్తో వారించి తనే వచ్చి గడపలో కూర్చుంది.

“మీకేమనిపించింది? నాది పిచ్చనే అనుకున్నారా?”

“లేదు సీతా. జబ్బని నాకు తెలుసు.” తన మంచితనం బయటపడిందన్నట్టు కాస్త ముందుకు వంగాడు. “నువ్వు ఆసుపత్రిలో చేరిన వారానికే ఆ నర్సు ఉత్తరం రాసింది. ఇది తగ్గే జబ్బనీ, వచ్చి చూడమనీ, బిడ్డని తెమ్మనీ రాసింది. అమ్మకి చూపించే ధైర్యం లేక గల్లాపెట్టెలో పెట్టాను.”

ఆసుపత్రి నుంచి ఆ కొట్టుకు నడిస్తే పావుగంట. అక్కడ పెళ్ళాం బిడ్డ కోసం ఏడుస్తుంటే, ఇక్కడ బిడ్డ పాలు లేక ఎండుతుంటే, ఇతను ఆ ఉత్తరం పక్కన కూర్చుని గజాలు కొలిచాడు. చీరాల పిల్ల ఒడ్డూ పొడుగూ విన్నాడు. తెలియక చేశాడనే ఇన్నాళ్ళూ అనుకుంది రాఘవమ్మ.

“తెలిసీనా?” అంది.

సీతారావమ్మ ముఖంలో కోపం కనపడలేదు. నెమ్మదిగా అంది.

“మీ అమ్మగారికి తెలీదు. మా నాయనకి చెప్పినా తలకెక్కలేదు. వాళ్ళని ఏమీ అనుకోను. నాకు మతి లేనప్పుడు జరిగిందంతా మర్చిపోదామనే చూస్తన్నాను. మీరు మతి ఉండి చేసిందాన్ని ఎట్టా మర్చిపోను? మళ్ళీ కానుపైతే మళ్ళీ రావచ్చని చెప్పింది డాక్టరమ్మ. అప్పుడు నేను ఎవరి మొహం చూడాలి? మీదా?”

“అప్పుడట్టా జరగదు.”

“పెద్దల్లో నిలబడి, నా భార్యది జబ్బే, పిచ్చి అన్నది తప్పు అని చెప్తారా? భావనారాయణగారి ముందు?”

అతను చెబుతాననలేదు. చెప్పననీ అనలేదు. బస్సు వేళయిందని లేచాడు. మరుసటి ఏడు వైశాఖంలో ఇంకో చోట పెళ్ళి చేసుకున్నాడని తెలిసింది. ఆ పెళ్ళికి పెద్దలంతా వెళ్ళి భోంచేశారు. ఒక్కరు కూడా మొదటి భార్య మాట ఎత్తలేదు. ఆ కబురు వచ్చిన రోజున సీతారావమ్మ కొడుక్కి అన్నం తినిపించి, మామూలుగానే ఆసు మీద నూలు పోసింది. రాఘవమ్మకే మగ్గంమీద పోగు తెగితే అతకడానికి కూడా కళ్ళు కనపడలేదు.

ఇంకో మూడేళ్ళకు, రాజ్యలక్ష్మి అనే రైతుబిడ్డ ఇబ్రహీంపట్నంలో అత్తవారింటినుంచి పక్క ఊళ్ళో పుట్టింటికి పురుటికి వచ్చి, కానుపైన వారానికి మాటా పలుకూ లేకుండా అయిపోయిందని శౌరమ్మ పరిగెత్తుకు వచ్చింది. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ బయలుదేరారు. వాకిట్లో ఆ పిల్ల తండ్రి రత్తయ్య అడ్డం నిలబడ్డాడు.

“మా ఇంటి సంగతి మీకెందుకు? లోపల ఏమీ లేదు, పొండి.”

“ఏమీ లేకపోతే తలుపుకి గొళ్ళెం ఎందుకయ్యా? కన్నకూతురిని దొంగలాగా బంధించి ఏమీ లేదంటావా?” అని రాఘవమ్మ అరుగు ఎక్కింది. ఆయన కేకలేస్తే ఆమె అంతకు రెండింతలు వేసింది. వీధి పోగయింది. ఆ గొడవ సందులో సీతారావమ్మ గొళ్ళెం తీసి లోపలికి వెళ్ళింది.

రత్తయ్యతో వాదిస్తూనే రాఘవమ్మ ఒక చెవి తలుపుకు పెట్టింది. కాసేపటికి చెల్లెలి గొంతు, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు, తీరిగ్గా వినపడింది.

“నిద్ర పట్టటం లేదు కదూ? నాకూ పట్టలేదమ్మా. పదిరోజులు.”

లోపల ఎవరో వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టారు. రాఘవమ్మ రత్తయ్య వైపు తిరిగి, “బండి కట్టించు. బెజవాడ వెళ్ళాలి,” అంది.